బంగారు కొట్టుకు తీసుకెళ్లే ముందు

ఈస్టిండియా కంపెనీ, ఆ తర్వాతి బ్రిటిష్ పాలన కాలం నాటి బంగారు నాణేల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా నాయనమ్మ పెట్టెలో ఒక కాసు దొరికింది. బొమ్మ వైపు రాజు తల, బొరుసు వైపు గుర్రం మీద మనిషి, కింద 1918. కొట్టులో అడిగితే "ఎనిమిది గ్రాముల బంగారం, అంతే" అన్నారు. మా పిన్ని దగ్గర కూడా 1918 నాణెమే ఉంది కానీ దాని మీద 15 రూపాయలని రాసి ఉంది. రెండూ ఒకటేనా? (ఎస్. ఎల్., విజయనగరం)

మీ దగ్గరున్నది సవరను, అంటే బ్రిటన్ ఒక పౌండు బంగారు నాణెం. మీ పిన్ని దగ్గరున్నది పదిహేను రూపాయల బంగారు నాణెం. బరువు రెండిటికీ ఒకటే, 7.988 గ్రాములు. వన్నె కూడా ఒకటే, 22 క్యారెట్లు. అంటే ఒక్కోదానిలో మేలిమి బంగారం 7.32 గ్రాములు. కాసంటే ఎనిమిది గ్రాములని మన కోస్తాలో వేసే లెక్కకు మూలం ఈ సవరను బరువే.

మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది అది. వెండికి కరువొచ్చింది, దేశంలోకి వచ్చిన బంగారాన్ని నాణెంగా మార్చాల్సి వచ్చింది. సవరన్లు కొట్టడానికి లండన్ రాయల్ మింట్ శాఖ ఒకటి బొంబాయిలో సిద్ధమయ్యే లోపల, మన ప్రభుత్వ టంకశాలే పదిహేను రూపాయల నాణేన్ని అచ్చు వేసింది. అప్పటి మారకంలో సవరను విలువ సరిగ్గా పదిహేను రూపాయలు కాబట్టి బరువూ వన్నె సరిపోయాయి. ఇవి దాదాపు 21 లక్షలు తయారయ్యాయి. రాయల్ మింట్ శాఖ 1918 ఆగస్టు నుంచి 1919 ఏప్రిల్ వరకే నడిచింది. అది కొట్టిన సవరన్లు దాదాపు 13 లక్షలు, అన్నిటి మీదా 1918 అనే ఉంటుంది.

లెక్క చూస్తే సవరనే తక్కువ. కానీ పదిహేను రూపాయల నాణేలు పెద్ద సంఖ్యలో కరిగిపోయాయి, అందుకే సేకరించేవాళ్లు వాటికి ఎక్కువ పెడతారు. ఎన్ని కొట్టారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే చూడాలి.

తేడా గుర్తుపట్టడం తేలిక. సవరను మీద ఐదో జార్జి తల బోడిగా, ఎడమకు తిరిగి ఉంటుంది. పదిహేను రూపాయల నాణెం మీద కిరీటం ఉంటుంది, వెనక గుర్రం ఉండదు. ఇక మీ సవరను భూతద్దం కింద పెట్టి, గుర్రం కాళ్ల కింద నేలలా ఉన్న గీత మధ్యలో, సంవత్సరానికి సరిగ్గా పైన చూడండి. చిన్న 'ఐ' అక్షరం ఉంటే బొంబాయిది. 'ఎస్' అయితే సిడ్నీ, 'ఎం' మెల్‌బోర్న్, 'పి' పెర్త్, 'సి' ఒట్టావా. అక్కడ ఏ అక్షరమూ లేకపోతే లండన్‌ది కావాలి. కానీ 1918లో లండన్‌లో సవరన్లు కొట్టలేదు. 1917 తర్వాత మళ్లీ 1925లోనే కొట్టారు. కాబట్టి అక్షరం లేని 1918 సవరను చేతికొస్తే, అది నిఖార్సైన బంగారమే అయినా నాణెం మాత్రం నకిలీ.

ప్రశ్న: గీటురాయి మీద గీయించకుండా ఇంట్లోనే నాణెం అసలుదో కాదో తేల్చుకోవచ్చా? (జి. ఆర్., కరీంనగర్)

బంగారమా కాదా అన్నది తేల్చుకోవచ్చు. నాణెం అసలుదేనా అన్నది దాని తర్వాతి మాట. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే చాలామంది మోసపోతారు.

ముందు కాటా. 0.01 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. సవరను 7.98 దగ్గర తూగాలి. చేతులు మారి అరిగినదైనా 7.94 కన్నా బాగా తగ్గితే అంచు గీకారనో, ఒకప్పుడు కొక్కెం వేసి తీశారనో అనుమానించాలి. 1835 నుంచి కొట్టిన మొహరు అనే పెద్ద బంగారు నాణెం 11.66 గ్రాములు, సరిగ్గా పాత తులం. పది రూపాయల బంగారు నాణెం దానిలో సగం, 5.83. ఐదు రూపాయలది నాలుగో వంతు, 2.92.

తర్వాత నీళ్ల పరీక్ష. ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే నాణేనికి బుడగలు పట్టవు. సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే అంకె నాణెం ఘనపరిమాణం. పొడిగా తూచిన బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. సవరనుకు కాటా 0.45 చూపాలి, 7.98ని 0.45తో భాగిస్తే 17.7. రాగి కలిపిన 22 క్యారెట్ల బంగారం సాంద్రత 17.6 దగ్గర, వెండి కలిపితే 18 దగ్గర ఉంటుంది. బంగారు పూత పూసిన వెండి అయితే కాటా 0.77 దాకా చూపుతుంది, భాగిస్తే పదిన్నర కూడా దాటదు. ఇత్తడి ఇంకా తక్కువ.

పొరపాట్లు రెండుచోట్ల జరుగుతాయి. నాణెం అడుగుకు తగిలితే కాటా దాని బరువు మొత్తం చూపిస్తుంది. అంకె ఒక్కసారిగా ఎనిమిదికి దూకితే కారణం అదే. రెండోది కాటా సన్నపాటి తేడా. 0.45 బదులు 0.46 చూపితే ఫలితం 17.3కి, 0.44 చూపితే 18.1కి పోతుంది. అందుకే మూడుసార్లు తూచి సగటు తీయండి. వరహా లాంటి చిన్న నాణేలకు ఈ కాటా చాలదు, 0.001 గ్రాము చూపేది కావాలి.

అయస్కాంతం పరీక్ష దండగ. ఇత్తడీ రాగీ కూడా దానికి అంటుకోవు. నేల మీద వేసి మోత వినడం అసలు చేయొద్దు, అంచు చొట్టపడుతుంది.

నీళ్ల పరీక్షలో నెగ్గిన నాణేన్ని పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద పెట్టండి. సరైన వన్నె బంగారంతోనే సవరన్లకు నకిలీలు చేసినవాళ్లున్నారు. పోత పోసినదైతే ఖాళీ భాగంలో చిన్న చిన్న పొక్కుల్లాంటివి కనిపిస్తాయి, అక్షరాల మూలలు మెత్తగా గుండ్రంగా ఉంటాయి, అంచు చుట్టూ అతుకు గీతో దాన్ని దాచిన ఆకురాయి గీతలో ఉంటాయి. ముద్ర కొట్టిన నాణెంలో అక్షరం గోడ నిటారుగా లేస్తుంది. ఒకే చోట ఒకే గాటున్న నాణేలు రెండు మీ చేతికొస్తే, ఆ రెండూ ఒకే నకిలీ అచ్చులోంచి వచ్చాయని అనుకోండి. గాటు అనేది వాడకంలో పడేది, జంటగా పడదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్-రే యంత్రం కింద పెట్టించండి. గీటు పడదు, వన్నె శాతాల్లో తెలుస్తుంది. అయితే అది పైపొరనే చదువుతుంది, నీళ్ల పరీక్షకు జోడీ మాత్రమే.

ప్రశ్న: నాణేలు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. కుంకుడు రసంలో వేసి పాత బ్రష్షుతో రుద్దితే మెరుస్తాయంటున్నారు. (పి. కె., తెనాలి)

మెరుస్తాయి, ఆ మెరుపుతోనే సేకరించేవాడు పెట్టే అదనపు ధర పోతుంది. బంగారం మెత్తన. బ్రష్షు, చింతపండు, పళ్లపొడి, మెరుగు పెట్టే చక్రం అన్నీ వెంట్రుక గీతలు మిగులుస్తాయి. నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే ఆ గీతలన్నీ ఒకే దిక్కుగా కనిపిస్తాయి, చూసేవాడికి క్షణంలో తెలిసిపోతుంది. అచ్చు దెబ్బకు లోహం పారి ఏర్పడిన సహజమైన తళుకు ఒకసారి పోతే తిరిగి తేలేం.

ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోతే గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో గంటసేపు ఉంచి, మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి అద్దండి, తుడవొద్దు. టేపు జిగురు, ప్లాస్టిక్ కవరు వదిలిన పచ్చటి జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో కొన్ని నిమిషాలు ఉంచండి, కిటికీ తెరిచి, మంటకు దూరంగా. గోళ్ల రంగు తీసే ద్రావణం వాడకండి, అందులో రంగూ నూనే కలిపి ఉంటాయి. అక్షరాల సందుల్లో ఉన్న ఎర్రటి మట్టి జోలికి పోవద్దు. అది నకిలీ కాదనడానికి చిన్నపాటి సాక్ష్యం కూడా.

దాచేటప్పుడు మెత్తగా సాగే పీవీసీ కవర్లు వద్దు, పచ్చటి జిడ్డుకు అవే మూలం. గట్టి పారదర్శకమైన పాలిస్టర్ కవర్లు తీసుకోండి. ఒక్కో నాణెం ఒక్కో కవరులో, పట్టుకునేది అంచులతో.

ప్రశ్న: మా అమ్మ కాసులపేరులో రెండు నిజమైన సవరన్లకు కొక్కేలు ఉన్నాయి. టంకం తీయించి విడిగా అమ్మొచ్చా? (వి. ఎస్., భీమవరం)

వద్దు. టంకం వేడికి అంచు గాట్లు కరిగి ఉంటాయి, తీసినచోట మచ్చ ఉండిపోతుంది. మచ్చ దాచడానికి ఆకురాయి వేస్తే బరువు తగ్గి ఇంకా పాడవుతుంది. కొక్కెం తీసినా, ఉంచినా సేకరణ విలువ పోయినట్టే, ఇక బంగారం ధరే. దానికోసం నగను విప్పడం నష్టం. ఒక్క మినహాయింపు: సంవత్సరం, టంకశాల అక్షరం చూసి అది అరుదైనదని తేలితే, 1917 లండన్ సవరను లాంటిది, మచ్చ ఉన్నా కొంత అదనంగా పెట్టేవాళ్లుంటారు. అప్పుడు కూడా కొక్కెంతోనే చూపించండి.

ప్రశ్న: కందిగింజ కన్నా కొంచెం పెద్దగా, లావుగా ఉన్న బంగారు బిళ్ల. ఒకవైపు దేవుడి బొమ్మ, రెండోవైపు చుక్కల మధ్య ఐదు కోణాల నక్షత్రం. 22 క్యారెట్లు కాదని కొట్టులో తీసేశారు. నకిలీనా? (ఎం. డి., కర్నూలు)

కొట్టువాళ్లు చెప్పింది నిజమే, కానీ దాన్నుంచి నకిలీ అన్న మాట రాదు. మీ వర్ణనను బట్టి అది నక్షత్ర వరహా, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొట్టించినది. ఈ నాణెం సుమారు 3.4 గ్రాములు తూగుతుంది, వన్నె నూటికి ఎనభై. అంటే పందొమ్మిది క్యారెట్ల పైచిలుకు. నీళ్ల పరీక్షలో 16 చుట్టుపక్కల వస్తుంది. 17.6 రాలేదని పారేయకండి.

బొమ్మ వైపు విష్ణుమూర్తి ఒక్కడే ఉంటే నక్షత్ర వరహా. ఇద్దరు దేవేరులతో కలిసి ఉండి, వెనక నక్షత్రం లేకుండా అన్నీ చుక్కలే ఉంటే దాన్ని మూడు స్వాముల వరహా అంటారు. చేత్తో కొట్టిన నాణేలు కాబట్టి బొమ్మ ఒక పక్కకు జరిగి సగమే పడటం, అంచు పగలడం మామూలు. బొమ్మ మరీ నిండుగా, మధ్యలో, అచ్చంగా ఉంటేనే ఎక్కువ పరీక్షించాలి.

పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు టంకశాల యంత్రంతో కొట్టడం మొదలుపెట్టింది. అప్పటి వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు తామరలోంచి లేస్తున్న విష్ణువు. గోపురం చుట్టూ ఇంగ్లీషు, పారసీ, విష్ణువు చుట్టూ తమిళం, తెలుగు. తెలుగు అక్షరాలున్న కంపెనీ బంగారు నాణెం కావడంతో మన ప్రాంతంలో దీనికి గిరాకీ ఎక్కువ. ఈ రకం ఒక వరహా నాణెం 2.97 గ్రాములే తూగుతుంది. తేలికైపోయిందని కాదు, వన్నె 22 క్యారెట్లకు పెంచారు. 3.4లో ఎనభై శాతమైనా, 2.97లో 22 క్యారెట్లయినా మేలిమి బంగారం 2.72 గ్రాములే. ఈ లెక్క గుర్తుంటే, 3.4 తూగే 'గోపురం వరహా'ను ఎవరైనా అమ్మజూపినప్పుడు అక్కడే ఆగిపోవచ్చు.

పాత దస్తావేజుల్లో కనిపించే లెక్క కూడా ఇదే కాలానిది. మద్రాసులో ఒక వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. ఆ కాసు రాగి నాణెం, మనం ఇప్పుడనే బంగారు కాసు కాదు. 1818లో మద్రాసు లెక్కలు రూపాయల్లోకి మారినప్పుడు నూరు వరహాలకు 350 రూపాయలు కట్టారు.

ప్రశ్న: 1835, 1841 నాటి మొహరులు ఎందుకంత అరుదు? కొనేటప్పుడు ఏం చూడాలి? (టి. వి., విశాఖపట్నం)

బజారులో తిరగలేదు కాబట్టి. 1835 నాణేల చట్టం వెండి రూపాయినే ప్రామాణికం చేసింది. బంగారు నాణెం కొట్టొచ్చు కానీ దాన్ని బాకీకి చెల్లుబాటుగా తీసుకోవాలన్న నిబంధన లేదు. 1841లో ఖజానాలు మొహరును పదిహేను రూపాయల లెక్కన పుచ్చుకోవచ్చన్నారు. తర్వాత కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాల్లో బంగారం బయటపడి ధర దిగజారుతుండటంతో 1853 మొదటి రోజు నుంచి అదీ ఆపేశారు. కొన్న కొద్దిమందీ దాచుకున్నారు, తర్వాత కరిగించుకున్నారు.

1835 మొహరు మీద నాలుగో విలియం తల. పేరు పక్కన రోమన్ అంకె నాలుగు నిలువు గీతలుగా ఉంటుంది. ఐ, వి అక్షరాలతో రాసిన అంకె కనిపిస్తే నకిలీ. వెనక ఈతచెట్టు లాంటి తాళజాతి చెట్టు ముందు సింహం, కంపెనీ పేరు, ఇంగ్లీషులోనూ పారసీలోనూ విలువ. పారసీలో మొహరు అని కాకుండా 'ఏక్ అష్రఫీ' అని ఉంటుంది. 1862 నుంచి సింహం పోయి పూలతీగ వచ్చింది. విక్టోరియా పేరు పక్కన 'క్వీన్' ఉంటే 1877కు ముందుది, 'ఎంప్రెస్' ఉంటే తర్వాతిది.

కొనేవాళ్లు నకిలీ కన్నా ఎక్కువగా దెబ్బతినేది తిరగముద్రల దగ్గర. కలకత్తా, బొంబాయి ప్రభుత్వ టంకశాలలే సేకర్తల కోసం పాత అచ్చులతో మళ్లీ కొట్టి ఇచ్చేవి, ఈ పద్ధతి 1970 దాకా సాగింది. బంగారం సరైనదే, బరువు సరైనదే, టంకశాలా అదే. అయినా అసలు ముద్ర ధర రాదు. ఖాళీ భాగం అద్దంలా మెరవడం, అంచు పూసలు మరీ పదునుగా ఉండటం, అచ్చు తుప్పు పట్టిన చుక్కలు నాణెం మీద ఉబ్బి కనిపించడం దీని గుర్తులు. బిల్లు మీద 'అసలు ముద్ర' అనో 'తిరగముద్ర' అనో రాయించుకోండి. రాయనంటే కొనొద్దు.

ఒక మాట: బెంగాల్ నుంచి వచ్చిన, షా ఆలం పేరు మీద పారసీ అక్షరాలతో ఉన్న మొహరు 12.36 గ్రాములు తూగుతుంది. 11.66 లేదని కంగారు పడకండి, 1835కు ముందు ఒక్కో ప్రెసిడెన్సీది (బెంగాల్, మద్రాసు, బొంబాయి లాంటి కంపెనీ పాలనా ప్రాంతం) ఒక్కో తూకం.

ప్రశ్న: చార్మినార్ బొమ్మ ఉన్న బంగారు నాణెం కూడా ఈ కోవలోదేనా? (ఎన్. జె., హైదరాబాద్)

కాలం అదే, ప్రభుత్వం వేరు. అది నిజాం సొంత టంకశాల అష్రఫీ. బరువు 11.18 గ్రాములు, వన్నె నూటికి 91. చార్మినార్ గుమ్మంలో చిన్న అరబిక్ అక్షరం చూడండి. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. మీద కనిపించే 92 సంవత్సరం కాదు, ప్రవక్త పేరుకు అక్షరాల లెక్క. సంవత్సరం హిజ్రీలో విడిగా ఉంటుంది. 1321 అంటే 1903 ప్రాంతం.

ప్రశ్న: 1818 నాటి కంపెనీ నాణెం, ఒకవైపు హనుమంతుడు, బంగారం కలిసిందట, బియ్యం గింజల్ని లాగుతుందట. కోట్లు వస్తాయని అడ్వాన్సు అడుగుతున్నారు. (పేరు వద్దన్నారు, అనంతపురం)

ఇవ్వొద్దు. ఇది రైస్ పుల్లింగ్ పేరుతో నడిచే మోసం. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. దేవుళ్ల బొమ్మలతో 'ఒక అణా 1818' అని అమ్మేవన్నీ ఈ మధ్య పోసిన ఇత్తడి, రాగి బిళ్లలు. 1818లో కలకత్తా మొహరుల మీద ఉన్నది మొఘల్ చక్రవర్తి పేరు. ఒక అణా నాణెం మన దేశంలో చలామణిలోకి వచ్చింది 1907లో, అదీ రాగి నికెల్ మిశ్రమంతో. 'పరీక్ష ఖర్చులు' అంటూ ఇప్పటికే డబ్బు ఇచ్చి ఉంటే ఫోన్ సందేశాలు, చెల్లింపు రసీదులు చెరపకుండా పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: పాత ఇల్లు పడగొడుతుంటే గోడలో చిన్న చెంబు, అందులో విక్టోరియా బంగారు నాణేలు దొరికాయి. కూలివాళ్లు చూశారు. ఇవి మావేనా? (ఆర్. బి., ఒంగోలు)

పెట్టెలో వారసత్వంగా వచ్చిన నాణేలు వేరు, ఇవి వేరు. 1878 నిధుల చట్టం ప్రకారం నేలలో గానీ, నేలకు అతుక్కున్న కట్టడంలో గానీ దాగి ఉన్న విలువైన వస్తువు నిధి. పది రూపాయల విలువ దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎంత విలువ ఉండొచ్చు, ఎక్కడ, ఏ రోజు. నాణేలను దగ్గరి ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపుతామని పూచీ ఇవ్వాలి.

తర్వాత కలెక్టరు ప్రకటన వేస్తారు. హక్కుదారులు హాజరయ్యే తేదీ నాలుగు నెలలకు తక్కువ, ఆరు నెలలకు ఎక్కువ కాకుండా ఉంటుంది. మీలాంటి కేసులో అసలు చిక్కు ఇక్కడే. వందేళ్ల లోపు దాచినదని తేలితే, దాచినవాళ్ల తరఫున హక్కు చెప్పేవాళ్లకు కోర్టుకు వెళ్లే గడువు ఇస్తారు. విక్టోరియా బొమ్మ ఉన్నంత మాత్రాన అప్పుడే దాచారని కాదు. చెంబులో ఉన్న నాణేల్లో అన్నిటికన్నా కొత్త సంవత్సరం ఏదో చూడండి, దానికి ముందైతే దాచి ఉండరు. ఆ ఇల్లు మీ తాతలదే అయితే పన్ను రసీదులు, దస్తావేజులు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాళ్లకు మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. దొరికినవాళ్లంటే గోడ పడగొట్టిన కూలివాళ్లు కావచ్చు, మీరు కాదు. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెడితే మాత్రం దొరికినవాళ్ల వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది వరకు జైలు ఉండొచ్చు. దాచడానికి సాయం చేసిన యజమానికి ఆరు నెలల దాకా. కలెక్టరుకు తెలిపేదాకా కడగకండి, విడదీయకండి. చెంబును కూడా పారేయొద్దు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయికి రెండు పాత సవరన్లు పంపొచ్చా? గ్రేడింగ్ (నాణెం అసలుదేనా, ఎంత బాగుందో చూసి ధ్రువీకరించడం) కోసం అక్కడి సంస్థకు పంపితే ఎక్కువ ధర వస్తుందట. (కె. పి., రాజమహేంద్రవరం)

నాణెం మీది సంవత్సరం చూడండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకే ఉంది. అమ్మడానికైనా, బహుమతికైనా, గ్రేడింగుకైనా ఇదే వర్తిస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, దాంతోపాటు జరిమానా. ఈ గీత ఏటా జరుగుతూ ఉంటుంది: 1918 నాణేలు 2018లో దీనిలోకి వచ్చేశాయి. దేశంలో అమ్మాలంటే పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉన్న వేలం సంస్థలకు రెండు వైపులా ఫొటోలు, అంచు ఫొటో, 0.01 గ్రాము వరకు బరువు రాసి పంపండి. ఫ్లాష్ వేయకుండా కిటికీ వెలుతురులో తీయండి. అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే చేతికివ్వొచ్చు, తిరిగి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకోకూడదు.